నెమలిలో యలమంద

ఒకప్పుడు తెనాలిలో పెళ్ళి కుదిరిందంటే పురోహితుడి తర్వాత కబురు వెళ్ళేది కోటిలింగానికే. వీడియో తీసేవాళ్ళు ఊరినిండా ఉండేవాళ్ళు. తీసినదాన్ని కత్తిరించి, కూర్చి, పాటలు పెట్టి చూసేవాళ్ళ నోళ్ళు తెరిపించే మిక్సింగ్ మాత్రం ఆయన చేతి పని. పెళ్ళికొడుకు తామరపువ్వులోంచి లేచి రావాలన్నా, పెళ్ళికూతురు మబ్బు మీద కూర్చుని కాశ్మీరు చూడాలన్నా, కాలం చేసిన తాతగారు నక్షత్రంలోంచి అక్షింతలు చల్లాలన్నా కోటిలింగమే చెయ్యాలి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇప్పటి పెళ్ళి వీడియోల్లో వధూవరులు పొలంగట్ల మీద పడి పరిగెత్తుతుంటారు, వెనక ఎవరు తరుముతున్నారో తెలియదు. దానికంటే తామరపువ్వే నయం.

ఆ వైభవమంతా పోయి చాలాకాలమైంది. కొట్టు అదే, బోర్డు మారింది. జిరాక్సులు, లామినేషన్లు, అక్కడికక్కడే పాస్‌పోర్టు ఫోటోలు. కోటిలింగానికి అరవై దాటాయి. వచ్చినవాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి "గడ్డం కొంచెం పైకండి" అనడమే ఇప్పుడు ఆయన దర్శకత్వం.

ఒక ఉదయం రేపల్లె బండి దిగి ఒక ముసలామె, ఒక పడుచుపిల్ల నేరుగా ఆ కొట్టుకి వచ్చారు. ముసలామె స్టూలు మీద కూర్చోలేదు. కౌంటరు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"కోటిలింగం తమ్ముడూ, గుర్తుపట్టావా?"

గుర్తుపట్టకేం! పాతికేళ్ళు దాటినా ఆ గొంతు మరిచిపోయేది కాదు. జన్మలో తనచేత అంత చాకిరీ చేయించిన మనిషి ఇంకొకరు లేరు. "నాంచారమ్మక్కా! రా, లోపలికి రా" అని తన కుర్చీ లాగి వేశాడు.

నాంచారమ్మది నిజాంపట్నం దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. భర్త యలమంద సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో పడవా పోయింది, ఇల్లూ పోయింది, మనిషీ పోయాడు. ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకుని ఆమె ఎలా బతికి బట్టకట్టిందన్నది వేరే కథ. చేపల గంపతో మొదలుపెట్టి చివరికి రేపల్లెలో సొంత గూడు కట్టుకుంది. కొడుకు పెళ్ళి కుదిరినప్పుడు కోటిలింగం పేరు విని వెతుక్కుంటూ వచ్చింది.

"మా ఆయన కూడా అక్షింతలు వెయ్యాలి" అంది అప్పుడు.

"దానికేం అక్కా, ఫోటో ఇవ్వు" అన్నాడు కోటిలింగం.

"ఫోటో లేదు. బతికుండగా ఒక్కటీ తీయించుకోలేదు."

"మరెట్లా?"

"నువ్వు చెయ్యి."

అక్కడ మొదలైంది. యలమంద తమ్ముడు వెంకటప్పయ్య ఫోటో తెచ్చి, కళ్ళు ఇవే అంది. ముక్కు కొడుకుది. గడ్డం పిల్లల మేనత్తది. చెవుల దగ్గర వచ్చింది తంటా. చుట్టాలందరి చెవులూ చూసి కాదంది. కొట్టుకి వచ్చేపోయేవాళ్ళ చెవులు కూడా పరీక్షగా చూసేది, వాళ్ళు జడుసుకునేవాళ్ళు. చివరికి ఒకరోజు కోటిలింగం తల తిప్పి అటు చూస్తుంటే "ఇదిగో, నీవే, నీవే" అని అరిచింది. ఆ విధంగా యలమందకి కోటిలింగం చెవులు వచ్చాయి. మీసం మాత్రం ఎక్కడా దొరకలేదు. మౌసు పట్టుకుని ఒక్కొక్క వెంట్రుకా గీశాడు. "కొంచెం కిందికి తమ్ముడూ, అలిగినట్టుండాలి" అని ఆమె పక్కన కూర్చుని చెబుతూ ఉండేది. ఆఖరికి ఒక మధ్యాహ్నం తెర వైపు చూసి పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు తెలిసింది కోటిలింగానికి, పని పూర్తయిందని.

ఆ పెళ్ళిలో తాళి కట్టే వేళకి నాంచారమ్మ పందిట్లో లేదు. ముండమోసినదాన్ని ఎదురుగా ఉండకూడదని తనంతట తనే వంటపాకలోకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనీ పిలవలేదు. అది కోటిలింగానికి గుచ్చుకుంది. వీడియోలో యలమంద ఒక్కడూ లేచి రావడానికి అనుకున్న ఒక శంఖం బదులు రెండు శంఖాలు పెట్టాడు. ఒకటి విచ్చుకుంటే యలమంద, ఇంకొకటి విచ్చుకుంటే నాంచారమ్మ, ఇద్దరూ పక్కపక్కన నిలబడి కొడుకూ కోడళ్ళ మీద అక్షింతలు వేశారు. ఆ క్యాసెట్టు రేపల్లెలో ఆ వీధి వీధంతా చూసింది. తర్వాత కూతురి పెళ్ళికి కూడా అదే జంట శంఖం. ఆ ఇంట్లో అదొక ఆచారమైపోయింది.

ఇప్పుడు మనవరాలి పెళ్ళి. పక్కన నిలబడ్డ పడుచుపిల్లే పెళ్ళికూతురు, పేరు భాగ్యశ్రీ.

"క్యాసెట్లకి బూజు పట్టింది తాతయ్యా" అంది భాగ్యశ్రీ. "మీరు అప్పట్లో కాగితం మీద తీసిచ్చిన బొమ్మ ఉంది కానీ, చూడండి."

ఆమె సంచీలోంచి ఒక పటం తీసింది. ఆ రోజుల్లో ఇంకు ప్రింటరు మీద తీసిన బొమ్మ. ఉప్పుగాలికి రంగు దిగి, ఎండకి వెలిసి, ఇప్పుడు అద్దం వెనక నీలంమరక ఒకటి మిగిలింది. మరకలో మీసం జాడ మాత్రం ఉంది.

"ఫోన్‌లో యాప్ పెట్టి బాగుచేయించా. కానీ నాయనమ్మ ఒప్పుకోట్లేదు" అని భాగ్యశ్రీ ఫోను చూపించింది. తెల్లగా, నున్నగా, పళ్ళన్నీ మెరుస్తూ, సిమెంటు ప్రకటనలో షావుకారులాంటి వాడు ఒకడు నవ్వుతున్నాడు.

"ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలీదు" అంది నాంచారమ్మ. "మనింటి పెళ్ళికి ఆయనెందుకు?"

కోటిలింగానికి నవ్వొచ్చింది కానీ, నాంచారమ్మ మొహం చూసి ఆపుకున్నాడు. ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, నీకో మాట చెబుతా, పిల్లలకి చెప్పలేదు. ఈమధ్య కళ్ళు మూసుకుంటే ఆయన మొకం రావట్లా. నడక వస్తంది. భుజం మీద వల వస్తంది. మొకం దగ్గర ఏమీ లేదు. అప్పుడు నీ పక్కన కూసుని చెప్పానే, అప్పుడు నా కళ్ళల్లో ఉండేది కాబట్టి చెప్పగలిగా. ఇప్పుడు మళ్ళీ చెప్పమంటే చెప్పలేను. నువ్వు చేసింది పోతే ఇంక ఆయన లేనట్టే."

భాగ్యశ్రీ ఈ మాట ఎప్పుడూ విననట్టుంది, నాయనమ్మ వైపు తిరిగింది. కోటిలింగం గబగబా "ఎందుకు పోతుందక్కా, ఉంది. నా దగ్గర ఉంది" అన్నాడు. అనేశాడే గానీ, ఉందో లేదో ఆయనకే తెలియదు.

అసలు సంగతి ఇది. ఆ రోజుల్లో ఆయన మిక్సింగ్ చేసిన సాఫ్ట్‌వేర్ ఢిల్లీలో ఎవరో తయారు చేసింది. మొదలుపెట్టగానే తెర మీద నెమలి పురి విప్పేది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరక్క, తెనాలి నుంచి గుంటూరు దాకా మిక్సింగ్ వాళ్ళందరూ దాన్ని నెమలి అనే పిలిచారు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చాప చుట్టేసింది. యలమంద కళ్ళూ ముక్కూ మీసమూ విడివిడిగా పొరలుపొరలుగా ఉన్న ఫైలు నెమలి తప్ప ఇంకేదీ తెరవలేదు. ఆ నెమలేమో తొంభై ఎనిమిదో సంవత్సరపు విండోసులో తప్ప ఇంకెక్కడా ఆడదు. ఆ విండోసు ఉన్న ఆయన పాత కంప్యూటరు ఆడక చాలా ఏళ్ళయింది.

ఆ కంప్యూటరు ఎక్కడుందంటే, ఇంట్లో వంటగది మూల ఉంది. కోటిలింగం భార్య ఝాన్సీలక్ష్మి దాని మీద మాగాయ జాడీ పెట్టుకుంది.

"ఏవండీ, జాడీ ఎక్కడ పెట్టమంటారు?" అని ఆమె నిలదీసింది.

"అందులో ఒక మనిషున్నాడే" అన్నాడు కోటిలింగం.

ఝాన్సీలక్ష్మి భర్తని ఎగాదిగా చూసి, జాడీ తీసి పక్కన పెట్టింది.

ఊళ్ళో బాగుచేసే కుర్రాడు మూత విప్పి చూసి, లోపలంతా తుప్పు పట్టింది, పాత ఇనుముకి వేసేయండి సార్ అన్నాడు. కోటిలింగానికి అప్పుడు స్టెల్లా గుర్తొచ్చింది. స్టెల్లా బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. ఆమె పెళ్ళి మిక్సింగ్ కూడా ఆయనదే. చర్చి పెళ్ళి కాబట్టి శంఖాలూ తామరలూ తీసేసి తెల్ల పావురాలు, కొవ్వొత్తులు పెట్టాడు. పావురాలు కాస్త ఎక్కువై పెళ్ళికొడుకు కనపడలేదని అప్పట్లో చిన్న గొడవ అయింది గానీ, స్టెల్లా మాత్రం ఇప్పటికీ క్రిస్మస్‌కి కేకు పంపిస్తుంది.

ఫోన్ చేస్తే "రెండూ తీసుకురండి బాబాయ్ గారూ, పాతదీ కొత్తదీ" అంది.

కోటిలింగం ఒక చంకలో పాత డబ్బా, ఒక చంకలో కొట్టులో వాడే కొత్త డబ్బా పెట్టుకుని పొన్నూరు మీదుగా బాపట్ల బస్సెక్కాడు. పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం అంటే ఇదేనేమో. ఈయన దగ్గర రెండు పిల్లులున్నాయి. సంచీలో మూడోది కూడా ఉంది, దాన్ని గురించి తర్వాత చెబుతాను.

స్టెల్లా పాత డబ్బాలోంచి హార్డ్ డిస్క్ ఊడదీసింది. దాన్ని ఒక తీగతో కొత్త కంప్యూటరుకి తగిలించింది. డిస్క్ కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది. తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఊరినిండా పెళ్ళిళ్ళు. వాటి మధ్య 'యలమంద' అని ఆయన చేత్తో పేరు పెట్టిన ఫైలు.

"ఉన్నాడు!" అన్నాడు కోటిలింగం, ల్యాబ్‌లో పిల్లలందరూ తిరిగి చూసేలా.

ఉండడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు. నెమలిని కొత్త కంప్యూటరులో నేరుగా మొదలుపెడితే కుదరదని మొరాయించింది. "దాన్ని మోసం చెయ్యాలి బాబాయ్ గారూ" అంది స్టెల్లా. "ఈ కొత్త కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్ని తయారుచేస్తా. నెమలికి తను పాతదాంట్లోనే ఉన్నాననిపిస్తుంది."

"దానికి తెలిసిపోదూ?"

"తెలియకుండా చూసుకోవాలి."

కొత్త కంప్యూటరు తెరలో ఒక చిన్న కిటికీ, ఆ కిటికీలో పాత విండోసు. కోటిలింగానికి ఎవరో తన పాత కొట్టు తలుపు తీసినట్టనిపించింది. నెమలిని నొక్కారు. తెరుచుకున్నట్టే తెరుచుకుని టప్పున మూసుకుంది. స్టెల్లా కాసేపు గోళ్ళు కొరుక్కుంది. చివరికి తేల్చింది, కొత్త మిషను వేగానికి నెమలి తట్టుకోలేకపోతోందని. అందుకని ఆ ఉత్తుత్తి కంప్యూటరు వేగానికి పగ్గం వేసింది. పాపం, ప్రపంచమంతా వేగం పెంచమని డబ్బులు పోస్తుంటే, ఈ ఇద్దరూ తగ్గించడానికి చెమటలు కక్కారు. ఈసారి నెమలి మూసుకోలేదు. తెర మీద ఒక చిన్న గడి వచ్చింది, అందులో 'లాక్ దొరకలేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క.

ఇప్పుడు సంచీలో మూడో పిల్లి బయటికొచ్చింది. అగ్గిపెట్టెకి రెండింతలున్న ప్లాస్టిక్ ముక్క, ఒక పక్క సూదుల్లాంటి పిన్నులు. దాన్ని లాక్ అనేవాళ్ళు. దొంగ కాపీలు చేసుకోకుండా నెమలితో పాటు ఇచ్చేవాళ్ళు. పూర్వం ప్రింటరు తీగ పెట్టే చోట దీన్ని తగిలిస్తేనే నెమలి పురి విప్పుతుంది. కొత్త కంప్యూటరుకి అలాంటి చోటే లేదు. స్టెల్లా ల్యాబ్ బీరువా అడుగునుంచి పాత కార్డు ఒకటి వెతికి తీసి, కొత్త డబ్బా వెనక బిగించింది. లాక్ తగిలించారు. లాక్ దొరకలేదంది నెమలి. తీసి పెట్టారు. దొరకలేదంది. కార్డు మార్చారు, తీగ మార్చారు, స్టెల్లా భోజనం మానేసి కూర్చుంది. నెమలిది ఒకటే మాట.

సాయంత్రానికి కోటిలింగం డీలాపడిపోయాడు. నాంచారమ్మకి ఏం చెప్పాలి? అక్కా, మీ ఆయన లోపలే ఉన్నాడు కానీ తలుపు రావట్లేదని చెప్పాలా? ఉన్నాడని నోరు జారకుండా ఉంటే బాగుండేదని తనను తాను తిట్టుకున్నాడు.

"ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారు బాబాయ్ గారూ? తడి తగిలిందా?" అని స్టెల్లా లాక్‌ని చేతిలోకి తీసుకుంది.

"తడా! దేవుడి గూట్లో పెట్టానమ్మా. నాకు అన్నం పెట్టిన ముక్క అది."

స్టెల్లా ఫోను లైటు వేసి పిన్నుల మధ్యకి చూసింది. కళ్ళు చిట్లించి ఇంకా దగ్గరగా చూసింది.

"లోపలంతా ఎర్రగా ఉందేంటండీ?"

కోటిలింగం ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "కుంకమమ్మా."

ఏటా దసరాకి ఆయుధపూజ. లారీవాడు లారీకి చేస్తాడు, టైలరు మిషనుకి చేస్తాడు, కోటిలింగం నెమలి లాక్‌కి చేశాడు. వాడుకలో ఉన్నన్నాళ్ళూ అది కంప్యూటరు వెనక తగిలించి ఉండేది కాబట్టి బొట్టు పైపైనే పడేది. మూలనపడ్డాక ఆయనకి దాని మీద భక్తి పెరిగింది. దేవుడి గూట్లో పిన్నులున్న పక్క మొహమనుకుని ఎదురుగా పెట్టి, గంధం తడిపి రాసి, ఆ తడి మీద కుంకుమ అద్దుతూ వచ్చాడు. ఏటికేడూ పొర మీద పొర. ఇప్పుడు అది గట్టిపడి పిన్నుల మధ్య సిమెంటులా కూర్చుంది.

స్టెల్లా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. "మేం సిస్టమ్స్ కోసం ప్రార్థన చేస్తాం గానీ, బొట్టు పెట్టం బాబాయ్ గారూ!"

"నవ్వమ్మా, నవ్వు" అన్నాడు కోటిలింగం ఉడుక్కుంటూ. "నాదగ్గర భక్తి ఉంది, నీదగ్గర స్పిరిట్ ఉందా?"

ఉంది. దాంట్లో ముంచి తోమడానికి పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి కాలేజీ పక్క కొట్లో కొన్నారు. కోటిలింగమే స్వయంగా తోమాడు. ఒక్కొక్క పిన్నూ బయటపడుతుంటే గుడ్డంతా ఎర్రబడింది. తనచేత్తో పెట్టిన బొట్టు తనచేత్తో తుడవాల్సి రావడం ఆయనకి మనసులో ఎక్కడో కలుక్కుమంది. అయినా తుడిచాడు. ఆరాక తగిలించారు.

నెమలి పురి విప్పింది.

ఆ నీలం, ఆ పచ్చ, అంచుల్లో ఆ గరుకు. చిన్న స్పీకర్లోంచి ఆ పాత సన్నాయి ముక్క. కోటిలింగానికి కళ్ళు చెమ్మగిల్లాయి. వయసులో ఉన్నప్పటి తన రోజులన్నీ ఆ సన్నాయిలో ఉన్నాయి మరి.

"యలమంద గారి ఫైలు తెరిచి చూద్దామా?" అంది స్టెల్లా.

"వద్దమ్మా. ముందు చూడాల్సింది నాంచారమ్మక్క."

పెద్దమనిషి మాటలాగే వినిపిస్తుంది కదా! అసలు కారణం భయం. తెరిచాక అందులో ఏమీ లేకపోతే ఆ బరువు తనొక్కడే తెనాలి దాకా మోసుకెళ్ళాలి.

మర్నాడు నాంచారమ్మ, భాగ్యశ్రీ మళ్ళీ వచ్చారు. కొట్టులో జిరాక్సుల వాళ్ళని తర్వాత రమ్మని పంపేసి, కోటిలింగం తలుపు ఓరగా వేశాడు. నాంచారమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అప్పట్లో కూర్చున్నట్టే. ఫైలు మీద నొక్కాడు.

వేగానికి పగ్గం వేశారు కదా, బొమ్మ ఒక్కసారిగా రాలేదు. నల్లటి తెర మీద ముందు గడ్డం వచ్చింది. కొంచెం ఆగి ముక్కు వచ్చింది. చెవులు వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అప్పుడు కళ్ళు వచ్చాయి. చిట్టచివర, అలిగినట్టున్న మీసం.

"ఆయనే" అంది నాంచారమ్మ.

చెయ్యి చాచి తెర మీద చెంప దగ్గర వేలు పెట్టింది. భాగ్యశ్రీ ఆమె వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది. కోటిలింగం కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంత సంతోషం ఆయన ఏ పెళ్ళి వీడియోలోనూ పడలేదు.

కాసేపయ్యాక ఆయన పనిలో పడ్డాడు. జంట శంఖం తెరిచాడు. ఎడమ శంఖంలో యలమంద. కుడి శంఖం ఖాళీ. నాంచారమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, అలవాటుగా గడ్డం పైకెత్తమని, ఫోటో తీశాడు. ఆ ఫోటో కుడి శంఖంలో పెట్టాడు. రెండు శంఖాలూ విచ్చుకున్నాయి.

భాగ్యశ్రీ ఫక్కుమంది. "నాయనమ్మా, తాత నీ కొడుకులా ఉన్నాడు! మా శివకృష్ణకంటే కూడా చిన్నవాడే" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. శివకృష్ణ ఆమె చేసుకోబోయేవాడు.

నిజమే. కొడుకు పెళ్ళినాటికి ఇద్దరి వయసుల మధ్య తేడాని కోటిలింగం వెలుగు పెంచి కప్పేశాడు. కూతురి పెళ్ళికీ అంతే. ఇప్పుడు ఎంత వెలుగు పెంచినా కప్పలేడు. ఎడమపక్క ముప్ఫై నిండని కుర్రాడు, కుడిపక్క డెబ్భై దాటిన ముసలమ్మ. తల్లీ కొడుకులు ఫోటో తీయించుకున్నట్టుంది.

కోటిలింగం నొచ్చుకున్నాడు. "అక్కా, నీదే పాత ఫోటో పెడతాలే" అన్నాడు.

"వద్దు" అంది నాంచారమ్మ. తెర వైపే చూస్తోంది. కోపంగా లేదు, ఏడుపూ లేదు. "అంతేగా మరి. ఆయన అక్కడే ఉండిపోయె. నేనొక్కదాన్నే ఇంతదూరం వచ్చా." కొంచెం ఆగి అడిగింది, "తమ్ముడూ, ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయిగా? మార్చొచ్చా?"

"మార్చొచ్చు."

"అయితే ఆయన్ని ముసలోణ్ణి చెయ్యి. నా దాకా తీసుకురా."

"ఫోన్‌లో ఒక్క క్షణం నాయనమ్మా, నేను చేస్తా" అంది భాగ్యశ్రీ.

"నీ ఫోనుకి ఏం తెలుసే, ఆయన ఎట్లా ముసలోడయ్యేవాడో" అంది నాంచారమ్మ. "నాకు తెలుసు."

కోటిలింగం మౌసు అందుకున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ముందు కళ్ళ కింద" అంది నాంచారమ్మ. "ఎండలో నీళ్ళ మీద చూసే మనిషి, అక్కడే మొదలయ్యేది. ఇంకా లోతుగా. ఆ. ఇప్పుడు నుదురు. ఇక్కడో గీత పెట్టు, మావోడు బడి మానేసి పారిపోయొచ్చాడు చూడు, అప్పుడు పడుండేది."

పెట్టాడు.

"పక్కనే ఇంకోటి. కూతురి పురుడప్పుడు. రెండురోజులు ఆస్పత్రి గుమ్మంలోనే ఉండేవాడు, కదిలేవాడు కాదు. నేనొక్కదాన్నే ఉన్నాలే అప్పుడు."

కోటిలింగం గీశాడు.

"జుట్టు?" అన్నాడు.

నాంచారమ్మ ఆలోచించింది. వెంకటప్పయ్యకి ఇప్పుడు బట్టతల. అన్నదమ్ములది ఒకే వాటం. "ఉంచు" అంది ముందు. మళ్ళీ "అబద్ధం ఎందుకులే, ముందుభాగం తీసెయ్. వెనక ఉంచు. తెల్లగా" అంది. "మీసం మాత్రం తెల్లబడినా అట్లాగే ఉండాలి."

"అలిగినట్టేనా, ఇంకా?"

"ఇంకా ఎక్కువ. ముసలాళ్ళయ్యాక అలకలు తగ్గుతాయేంటి?"

భాగ్యశ్రీ నేల మీదే చతికిలబడి గడ్డం కింద చేతులు పెట్టుకుని వింటోంది. ఇల్లు కట్టినప్పటి గీత, రొయ్యల చెరువు మునిగినప్పటి గీత. ఒకచోట నాంచారమ్మ ఆగి, పెదాల పక్కన నవ్వు ముడత పెట్టమంది. "ఇది ఎప్పటిది నాయనమ్మా?" అని పిల్ల అడిగింది. "నువ్వు పుట్టినప్పటిదే" అంది నాంచారమ్మ. భాగ్యశ్రీ తల దించుకుంది. తాత అని ఇన్నాళ్ళూ నోటితో అన్నదే గానీ, తను పుట్టినందుకు ఆయన నవ్వి ఉండేవాడన్న ఊహ ఆమెకి ఎప్పుడూ రాలేదు.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఝాన్సీలక్ష్మి క్యారియరు పంపింది, ఎవరూ మూత తీయలేదు. చివరికి నాంచారమ్మ "చాలు" అంది.

కోటిలింగం మౌసు వదిలేసి వెనక్కి జరిగాడు. ఎడమ శంఖంలో డెబ్భై దాటిన మనిషి ఉన్నాడు. ఎండకి నల్లబడ్డాడు, నుదుటి నిండా గీతలు, తెల్లమీసం కిందికి దిగి ఉంది, కళ్ళు మాత్రం అవే. కుడి శంఖంలో నాంచారమ్మ. ఇప్పుడు వాళ్ళిద్దరినీ చూస్తే ఎవరికైనా, చాలాకాలం ఒకే ఇంట్లో పోట్లాడుకుంటూ బతికినవాళ్ళని తెలిసిపోతుంది.

"బావున్నాడు" అంది నాంచారమ్మ. పమిట అంచు తీసుకుని భుజం నిండా కప్పుకుంది. "ముసలితనం బానే కుదిరింది ఆయనకి."

"అక్కా, ఆ కుర్రాణ్ణి కూడా విడిగా ఉంచానులే, ఎక్కడికీ పోడు" అన్నాడు కోటిలింగం.

ఆమె తల ఊపింది కానీ విన్నట్టు లేదు. భాగ్యశ్రీ గడియారం చూసి లేచింది. సంచీ భుజాన వేసుకుని, "నాయనమ్మా, రేపల్లె బండికి టైమైంది. ఇప్పుడు బయల్దేరకపోతే అందదు" అంది.

నాంచారమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"ఇంకో బండికి పోదాంలేవే" అంది. "ఆయన ఇప్పుడేగా వచ్చింది."